గ్రామర్ బిట్ కింద రూల్ నంబరు కాదు, కారణం వేయండి

సంపాదకులు గారికి,

నమస్కారం.

మీ పత్రిక చదువుల పేజీలో పోటీ పరీక్షలకి ఇంగ్లిష్ గ్రామర్ బిట్స్ వేస్తున్నారు. ఈ మధ్య వరసగా, సబ్జెక్టుకి, అంటే కర్తకి, తగిన వెర్బ్, అంటే క్రియ, రాయడం గురించి వస్తున్నాయి. ఆ పేజీని కత్తిరించి ఫైల్లో దాచుకునే పిల్లలు మా చిత్తూరులో చాలామంది ఉన్నారు. వాళ్ళని రోజూ చూస్తున్నదాన్ని కాబట్టి ఒక విన్నపం చేస్తున్నాను. జవాబు కింద ఫలానా రూల్ అని నంబరు వేసి వదిలేయకండి. ఆ రూల్ మన తెలుగు వాక్యంతో ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ విడిపోతుందో రెండు ముక్కల్లో చెప్పండి. తెలుగు పత్రికలో తెలుగు పిల్లల కోసం వేస్తున్న పేజీ అది. ఆ పని మీరు చేయకపోతే ఇంకెవరూ చేయరు.

నేను టీచర్ని కాదు. కోర్టుకి దగ్గర్లో జాబ్ టైపింగ్ చేస్తాను. టైప్ హయ్యర్ పాసై మిషన్ మీద మొదలుపెట్టినదాన్ని, ఇప్పుడు కంప్యూటర్ మీద చేస్తున్నాను. అఫిడవిట్లు, పిటిషన్లు, పవర్ ఆఫ్ అటార్నీ కాగితాలు, బ్యాంకు లోన్ల కోసం అడిగే డిక్లరేషన్లు, అన్నీ ఇంగ్లిష్‌లోనే. లాయర్ గారు చేత్తో రాసిచ్చిన డ్రాఫ్టులో అర పేజీ పొడవున సాగే వాక్యాలుంటాయి. వాటిలో సబ్జెక్ట్ ఎక్కడ, వెర్బ్ ఎక్కడ అని వెతుక్కోకుండా టైప్ చేస్తే సాయంత్రానికి ఆ కాగితం తిరిగి నా బల్ల మీదికే వస్తుంది. అందుకని ఈ విషయం మీద నాకు పట్టింపు ఎక్కువ. షాపులో జిరాక్స్, ప్రింటు కూడా ఉన్నాయి గనక హాల్ టికెట్లకి, ఆన్‌లైన్ అప్లికేషన్లకి డిగ్రీ పిల్లలు వస్తుంటారు. కరెంటు పోయినప్పుడు, సర్వర్ రానప్పుడు మీ పేజీ తీసి బిట్స్ చేసుకుంటూ కూర్చుంటారు.

అలా కూర్చున్న ఒకమ్మాయి అడిగింది: "అక్కా, 'ఎవ్రీవన్' అంటే అందురూ కదా. అందురూ వచ్చినారు అంటాం కదా మనం. మరి 'ఎవ్రీవన్ హ్యాజ్ కమ్' ఎట్లయితుంది?" మీ కీలో దానికి ఏకవచనం అని మాత్రమే ఉంది. ఆ అమ్మాయి అడిగింది ఎందుకు అని. చాలా సరైన ప్రశ్న అది. ఆమె తప్పు చేయడం లేదు, తన భాష చెప్పినట్టు నడుస్తోంది.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. సబ్జెక్టుకి తగ్గట్టు వెర్బ్ మారడం తెలుగు పిల్లలకి కొత్త కాదు. మాటలు వచ్చినప్పటి నుంచి వాళ్ళు చేస్తున్న పనే. నాన్న వచ్చాడు, అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, అత్తావాళ్ళు వచ్చారు, కోళ్ళు వచ్చాయి, నేను వచ్చాను, నువ్వు వచ్చావు. మూడేళ్ళ పిల్ల కూడా "కోళ్ళు వచ్చారు" అనదు. మా ఊళ్ళో తమిళం మాట్లాడే ఇళ్ళు ఎక్కువ. ఆ ఇళ్ళలో అయితే మగవాడికి 'వందాన్', ఆడమనిషికి 'వందాళ్', వస్తువుకి 'వందదు' అని మూడూ వేరువేరు. మనం ఆడమనిషికీ ఆవుకీ ఒకే 'వచ్చింది' వాడితే వాళ్ళు అక్కడ కూడా తేడా చూపిస్తారు. ఇన్ని మార్పులు ఆలోచించకుండా చేసే పిల్లలకి ఇంగ్లిష్‌లో మిగిలింది ఎంత? వర్తమానంలో ఒక ఎస్. 'బీ' వెర్బ్‌కి ఆమ్, ఈజ్, ఆర్. జరిగిపోయినదానికి వాజ్, వర్. 'హ్యాజ్', 'హ్యావ్'. అంతే. 'కేమ్' అంటే ఎవరొచ్చినా 'కేమ్'. 'కెన్', 'విల్', 'మస్ట్' లాంటివి పక్కన ఉంటే ఆ ఎస్ కూడా ఉండదు. పాఠం మొదట్లో ఈ మాట చెబితే పిల్లల టెన్షన్ సగం పోతుంది. ఇరవై, ముప్పై రూల్స్ పట్టిక చూపించి మొదలుపెడితే, తమకి ఏమీ తెలియదనుకుని మొదలుపెడతారు.

మరి తప్పులు ఎక్కడ వస్తున్నాయి? నేను చూసినంతవరకు, తెలుగు దారి ఒకటై ఇంగ్లిష్ దారి ఇంకోటైన కొన్ని చోట్లే వస్తున్నాయి. అన్నిటికంటే పెద్దది మన మర్యాద.

తెలుగులో 'వచ్చారు' అనేదానికి రెండు పనులున్నాయి. చాలామంది వస్తే వచ్చారు. పెద్దాయన ఒక్కడే వచ్చినా వచ్చారు. తహసీల్దారు గారు వచ్చారు, డాక్టరు గారు వచ్చారు. మనిషి ఎవరో తెలియకపోయినా మర్యాదకి 'ఎవరో ఒకరు వచ్చారు' అంటాం. అక్కడ ఉన్నది ఒకరే, వెర్బ్ మాత్రం బహువచనం. 'వాళ్ళలో ఒకరు వచ్చారు' అని మనసులో అనుకున్న పిల్ల ఇంగ్లిష్‌లో 'వన్ ఆఫ్ దెమ్ హ్యావ్ కమ్' అని రాయడంలో ఆశ్చర్యం ఏముంది? 'ప్రతి ఒక్కరూ వచ్చారు' నుంచి 'ఎవ్రీవన్ హ్యావ్ కమ్' వచ్చింది. ఇంగ్లిష్ వెర్బ్‌కి ఈ మర్యాద లేదు. కలెక్టరు గారికైనా 'ఈజ్', కుక్కపిల్లకైనా 'ఈజ్'. ఒకటా, ఎక్కువా అన్నదే దానికి కావాలి.

అందుకే నా దగ్గర కూర్చునే పిల్లలకి ఒక ఉపాయం చెబుతాను. మనసులో కాసేపు మర్యాద పక్కన పెట్టండి, నోటితో అనక్కర్లేదు. 'ఒకరు' అని వచ్చిన చోట 'ఒకడు' అనో 'ఒకటి' అనో పెట్టి చూడండి. వాళ్ళలో ఒకడు వచ్చాడు. ప్రతివాడూ వచ్చాడు. వెర్బ్ వెంటనే ఏకవచనంలోకి దిగుతుంది. 'వన్ ఆఫ్ దెమ్ హ్యాజ్ కమ్', 'ఎవ్రీవన్ హ్యాజ్ కమ్', 'ఈచ్ ఆఫ్ ద గర్ల్స్ హ్యాజ్ ఎ హాల్ టికెట్'. మనుషుల్ని వదిలి వస్తువుల దగ్గరికి వెళ్తే ఉపాయం కూడా అక్కర్లేదు, ఎందుకంటే వస్తువులకి మనం మర్యాద ఇవ్వం. 2021 నవంబరు వానల్లో తిరుపతిలో కాలనీలు మునిగినప్పుడు 'ఆ వీధిలో ప్రతి ఇల్లూ మునిగింది' అనే అన్నాం, 'ప్రతి ఇల్లూ మునిగాయి' అనలేదు. 'ఎవ్రీ హౌస్ వాజ్ ఫ్లడెడ్' కూడా అదే. రూల్ మన ఇంట్లోనే ఉంది. ఆ అమ్మాయికి ఇది చెప్పాక 'ఎవ్రీ', 'ఈచ్', 'ఎవ్రీబడీ', 'నోబడీ' అన్నీ ఒకే కుదురులోకి వచ్చేశాయి. మీ పేజీలో అవి నాలుగు వేరువేరు రూల్స్.

ఈ మర్యాద వల్లే ఇంకో చోట కూడా తికమక వస్తుంది. ఒకే మనిషికి రెండు హోదాలు ఉన్నప్పుడు. మా ఊరి కట్టమంచినే తీసుకుంటాను. 1880లో అక్కడ పుట్టిన కట్టమంచి రామలింగారెడ్డి గారు కవి, 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ కూడా. 'ద పొయెట్ అండ్ వైస్ ఛాన్సలర్ వాజ్ బార్న్ ఇన్ కట్టమంచి' అంటే మనిషి ఒకరే, 'ద' ఒక్కసారే వచ్చింది, కాబట్టి 'వాజ్'. 'ద పొయెట్ అండ్ ద వైస్ ఛాన్సలర్ వర్ ఆన్ ద స్టేజ్' అంటే ఇద్దరు మనుషులు, 'ద' రెండుసార్లు. తెలుగులో 'కవి, వైస్ ఛాన్సలర్ వచ్చారు' అంటే ఒకరా ఇద్దరా అన్నది వెర్బ్ చెప్పదు. మర్యాద ఆ తేడాని కప్పేస్తుంది. ఇంగ్లిష్ ఆ తేడాని 'ద' దగ్గరా వెర్బ్ దగ్గరా చూపిస్తుంది. పరీక్షలో ఈ బిట్ తరచుగా వస్తుంది, పిల్లలు తరచుగా పోగొట్టుకుంటారు. కారణం చెప్పి, తెలిసిన మనిషి పేరు పెట్టి చెబితే మర్చిపోరు. ఎప్పుడూ జాన్, మేరీలే ఎందుకు?

రెండో చోటు, తెలుగులో వెర్బ్ అసలు మారని సందర్భాలు. నేను రాలేదు, వాడు రాలేదు, వాళ్ళు రాలేదు, బస్సులు రాలేదు. జరగలేదని చెప్పేటప్పుడు 'లేదు' ఎవరికైనా ఒక్కటే. 'హి డోంట్ నో' అని రాసే పిల్లల్ని చూస్తే నాకు ఈ 'లేదు'యే గుర్తొస్తుంది. 'కాదు' అన్న అర్థం వచ్చేసరికి మారాల్సిన పని అయిపోయిందనుకుంటారు. ఇంగ్లిష్‌లో ఆ ఎస్ వెర్బ్ మీద నుంచి 'డజ్' మీదికి ఎక్కుతుంది, అసలు వెర్బ్ ఎస్ లేకుండా ఉండిపోతుంది. 'హి నోస్', 'హి డజంట్ నో'. రెండు చోట్లా పెట్టి 'హి డజంట్ నోస్' అనేవాళ్ళూ ఉన్నారు. ఎస్ ఒక్కటే ఉంటుంది, అది ముందున్నదాని మీదే ఉంటుంది అని చెబితే చాలు.

దీనికంటే చిక్కుది 'చదివే', 'వచ్చిన', 'ఉన్న' లాంటి మాటలది. చదివే పిల్లవాడు, చదివే పిల్లలు. 'చదివే' మారదు. ఇంగ్లిష్‌లో అక్కడ 'హూ' వచ్చి, దాని వెనక ఒక పూర్తి వెర్బ్ వస్తుంది, అది మారుతుంది. 'ఇక్కడ చదివే పిల్లల్లో ఒకడు మా అక్క కొడుకు' అన్న వాక్యం చూడండి. ఎంత మామూలు వాక్యం. ఇందులో సబ్జెక్టుకి తగ్గట్టు మారే వెర్బ్ ఒక్కటి కూడా లేదు. 'చదివే' మారదు, చివర 'కొడుకు' దగ్గర వెర్బే లేదు. ఇంగ్లిష్‌లోకి తీసుకెళ్తే రెండు వెర్బులు కావాలి: 'వన్ ఆఫ్ ద బాయ్స్ హూ స్టడీ హియర్ ఈజ్ మై సిస్టర్స్ సన్'. 'స్టడీ' పిల్లలందరిది, కాబట్టి ఎస్ లేదు. 'ఈజ్' ఒకడిది. తెలుగులో ఎక్కడా తేల్చుకోనక్కర్లేని పిల్లవాడు ఒక్క వాక్యంలో రెండుసార్లు తేల్చుకోవాలి, అదీ ఒకసారి బహువచనం, ఒకసారి ఏకవచనం. ఇలాంటిది మీ బిట్స్‌లో మామూలు బిట్‌లాగా వచ్చి, కింద ఒక్క అక్షరం జవాబుతో వెళ్ళిపోయింది. ఇది అర పేజీ పాఠం. చదివేది ఎవరు, కొడుకు ఎవరు అని విడివిడిగా అడిగితే పిల్లలే జవాబు చెబుతారు. ఆ ప్రశ్నలు అడగడం మీ పేజీలో ఎవరైనా నేర్పాలి.

ఇక దూరం సంగతి. ఇది నా బల్ల మీద రోజూ జరిగేది.

అఫిడవిట్ ఎలా మొదలవుతుందో కోర్టు గడప తొక్కిన ఎవరికైనా తెలుసు. 'ఐ' అని ఒక్క అక్షరం, తర్వాత పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి, డోర్ నంబరు, వీధి, ఊరు, మండలం, జిల్లా. అవన్నీ అయ్యాక 'డు హియర్‌బై సాలమ్‌లీ అఫర్మ్ అండ్ స్టేట్'. ఆ 'డు' రెండు వరసల వెనక ఉన్న 'ఐ'కి చెందినది. దానికి పక్కన ఉన్నది జిల్లా పేరు. దగ్గర ఉన్న మాట చూసి వెర్బ్ పెట్టేవాళ్ళు ఇక్కడ 'డజ్' పెడతారు. 'ద లిస్ట్ ఆఫ్ డాక్యుమెంట్స్ ఆర్ ఫైల్డ్' కూడా ఇలాంటిదే. ఫైల్ చేసింది లిస్టు, పక్కన కనిపిస్తున్నవి డాక్యుమెంట్లు. తెలుగులో 'పత్రాల జాబితా దాఖలైంది' అంటే జాబితా వచ్చి వెర్బ్‌కి ముందు నిలబడుతుంది, పత్రాలు దాని ముందుకి వెళ్ళిపోతాయి. అందుకే మనకి తప్పు రాదు. ఇంగ్లిష్‌లో వరస తిరగబడుతుంది. 'ఆఫ్' తర్వాత వచ్చినదాన్ని వేలితో మూసి చదవమని చెబుతాను నేను. 'ద లిస్ట్ ఈజ్ ఫైల్డ్'. కనబడుతుంది.

పిటిషన్లలో ఇంకో రకం వస్తుంది. పాత కేసు ఫైలు తీసి పేర్లు మార్చి కొత్తది తయారు చేస్తారు. పాతదానిలో పిటిషనర్ ఒకరు: 'ద పిటిషనర్ సబ్మిట్స్'. కొత్తదానిలో అన్నదమ్ములు నలుగురు. పిటిషనర్ అన్న చోటల్లా కంప్యూటర్ చేత ఎస్ తగిలించేస్తే 'ద పిటిషనర్స్ సబ్మిట్స్' అని తయారవుతుంది. సబ్జెక్టుకి ఎస్ వస్తే వెర్బ్‌కి ఎస్ పోవాలి. ఎస్ అంటే బహువచనం అని చిన్నప్పుడు నేర్పుతారు, అది పేర్లకి. వెర్బ్ మీద ఎస్ ఏకవచనం గుర్తు. ఈ ఒక్క మాట స్పష్టంగా చెప్పని పుస్తకాలు ఎన్నో చూశాను. 'దిస్ డీడ్ విట్‌నెసెత్' అని దస్తావేజుల్లో కనబడే 'ఎత్' కూడా ఒకప్పుడు ఇదే పని చేసేది. ఇప్పుడు ఎస్ ఉన్న చోట పాత ఇంగ్లిష్‌లో ఆ 'ఎత్' ఉండేది. మామూలు రాతలో అది ఎప్పుడో పోయింది, దస్తావేజులో మాత్రం మిగిలింది.

తెలుగు మనకి పూర్తిగా సాయం చేసే చోటు ఒకటుంది, దాన్నీ పిల్లలకి చెప్పడం లేదు. 'ఎలాంగ్ విత్', 'టుగెదర్ విత్', 'యాజ్ వెల్ యాజ్' వచ్చినప్పుడు వెర్బ్ మొదటి సబ్జెక్టుని బట్టే ఉంటుందని రూల్. పిల్లలకి ఇది అన్యాయంగా తోస్తుంది, ఇంతమంది ఉన్నారు కదా అని. కానీ మనం రోజూ అలాగే మాట్లాడుతున్నాం. 'వాడు తమ్ముళ్ళతో పాటు వచ్చాడు' అంటాం, 'వచ్చారు' అనం. 'వాడూ తమ్ముళ్ళూ వచ్చారు' అంటేనే బహువచనం. 'తో' తగిలినవాళ్ళు వెంట వచ్చినవాళ్ళు మాత్రమే, వెర్బ్ వాళ్ళ మాట వినదు. 'హి, ఎలాంగ్ విత్ హిజ్ బ్రదర్స్, హ్యాజ్ కమ్'. 'హి అండ్ హిజ్ బ్రదర్స్ హ్యావ్ కమ్'. ఇక్కడ కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు, గుర్తు చేస్తే సరిపోతుంది.

'దేర్ ఈజ్', 'దేర్ ఆర్' దగ్గర మాత్రం ఇంగ్లిష్ మనకి కష్టమైన పని పెడుతుంది. 'గదిలో రెండు బీరువాలు ఉన్నాయి' అనేటప్పుడు వెర్బ్ దగ్గరికి వచ్చేసరికి ఏమున్నాయో చెప్పేసి ఉంటాం. ఇంగ్లిష్‌లో ఏముందో చెప్పకముందే ఈజా ఆరా అన్నది తేలిపోవాలి. 'వేర్ ఈజ్ ద కీస్' అని అడిగేసేది కూడా అందుకే. తాళాలు ఇంకా నోట్లోకి రాలేదు. నిదానంగా రాసేటప్పుడు ముందుకి ఒక చూపు వేసి వెనక్కి రావాలి. అలవాటయ్యేదాకా ఇంకో దారి లేదు.

పదార్థాల పేర్ల సంగతి తొందరగా చెబుతాను. నీళ్ళు, పాలు, బియ్యం మనకి బహువచనం: నీళ్ళు వచ్చాయి, పాలు విరిగాయి, బియ్యం అయిపోయాయి. వాటర్, మిల్క్, రైస్ ఏకవచనం. 'న్యూస్', 'మ్యాథమెటిక్స్', 'ఎకనామిక్స్' ఎస్‌తో ముగిసినా ఏకవచనం. కత్తెర మనకి ఒకటి, 'సిజర్స్' బహువచనం. 'పోలీస్' ఎస్ లేకపోయినా ఎప్పుడూ బహువచనమే. 'ద పోలీస్ హ్యాజ్ రిజిస్టర్డ్ ఎ కేస్' అని ఎన్ని డ్రాఫ్టుల్లో వస్తుందో, అది 'హ్యావ్' అని అడిగి మార్పిస్తుంటాను. ఇవి బట్టీ పట్టాల్సినవే, పట్టిక వేస్తే నాకు అభ్యంతరం లేదు.

డబ్బు, దూరం, కాలం లెక్కలు మాత్రం పట్టికలో పడేయాల్సినవి కావు. అలిపిరి మెట్ల దారి ఇక్కడి పిల్లలందరికీ తెలుసు. 'దేర్ ఆర్ 3,550 స్టెప్స్' అంటాం, ఒక్కో మెట్టూ ఎక్కాలి కాబట్టి అవి ఎన్నో. 'నైన్ కిలోమీటర్స్ ఈజ్ ఎ లాంగ్ వాక్' అంటాం, ఆ తొమ్మిది కిలోమీటర్లూ కలిసి ఒక నడక. అదే దారి, ఒకసారి ఆర్, ఒకసారి ఈజ్. మనం కూడా 'ఐదొందలు చాల్తుంది' అంటాం, ఐదు వంద రూపాయల నోట్లు ఒకటొకటిగా లెక్క పెట్టి కాదు, మొత్తంగా చూసి. చూసే పద్ధతిని బట్టి వెర్బ్ మారుతుందని ఒకసారి అర్థమైతే 'ద కమిటీ హ్యాజ్ డిసైడెడ్', 'ద జ్యూరీ వర్ డివైడెడ్' లాంటివి కూడా తేలికవుతాయి. కలిసి ఒకటిగా పనిచేస్తే ఏకవచనం, తలో మాట అంటే బహువచనం.

పేర్ల విషయంలోనూ ఇదే జరుగుతుంది. తిరుమల తిరుపతి దేవస్థానమ్స్ అని ఇంగ్లిష్‌లో చివర ఎస్ ఉంటుంది, ఎన్నో గుళ్ళు కలిసినది కాబట్టి. ప్రకటన చేసేది ఒక్క సంస్థ. అందుకే 'హ్యాజ్ అనౌన్స్డ్' అని రాస్తే సరిపోతుంది. పిల్లలు దీన్ని అడిగితే నేను అమెరికా ఉదాహరణ చెబుతాను. 'యునైటెడ్ స్టేట్స్' పేరు బహువచనం. 1787లో రాసిన వాళ్ళ రాజ్యాంగంలో దేశద్రోహం గురించి చెప్పే చోట ఆ దేశాన్ని 'దెమ్' అని, అంటే 'వాటిని' అన్నట్టు రాశారు. బానిసత్వాన్ని రద్దు చేసిన 1865 నాటి 13వ సవరణలో కూడా 'దెయిర్ జ్యూరిస్డిక్షన్' అనే ఉంది. ఇవాళ 'ద యునైటెడ్ స్టేట్స్ ఈజ్' అని తప్ప ఎవరూ రాయరు. విడివిడి రాష్ట్రాలుగా చూసినప్పుడు బహువచనం, ఒక దేశంగా చూడడం స్థిరపడ్డాక ఏకవచనం. ఇది విన్న పిల్లలు పేరు చివర ఎస్ చూసి మళ్ళీ మోసపోరు.

ఇక మీ కీల మీద నాకున్న గట్టి అభ్యంతరం. రెండు జవాబులూ ఒప్పైన చోట ఒకటే ఒప్పని వేయకండి. 'నన్ ఆఫ్ ద బాయ్స్' తర్వాత 'హ్యాజ్' మాత్రమే రైటని ఒక పాత పట్టు ఉంది. కానీ మంచి ఇంగ్లిష్ రాసేవాళ్ళు వందల ఏళ్ళుగా 'హ్యావ్' కూడా రాస్తున్నారు, ఇప్పటి డిక్షనరీలు రెంటినీ ఒప్పుకుంటాయి. 'ద టీమ్ ఆర్ ప్లేయింగ్ వెల్' అన్నది బ్రిటిష్ వాళ్ళకి మామూలు, అమెరికన్లు 'ఈజ్' అంటారు. టీవీలో క్రికెట్ కామెంటరీ విన్న పిల్లవాడికి మీ కీ చూస్తే తల తిరుగుతుంది. పరీక్షలో ఏది రాస్తే మార్కు పడుతుందో చెప్పండి, అది వాళ్ళకి అవసరం. రెండోది తప్పు కాదని కూడా పక్కన రాయండి. 'ఐదర్ ద టీచర్ ఆర్ ద స్టూడెంట్స్ ఆర్' అన్నప్పుడు వెర్బ్ దగ్గరి సబ్జెక్టుని చూస్తుంది, 'ఎలాంగ్ విత్' అన్నప్పుడు దూరంగా ఉన్న మొదటిదాన్ని చూస్తుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి తేడా చెప్పకపోతే పిల్లలు ఒకదాన్ని ఇంకోదానికి వాడేస్తారు, వాడేస్తున్నారు. 'టీచరో, పిల్లలో' అన్నప్పుడు ఎవరు చేశారో తేలలేదు, వెర్బ్ పక్కనున్నదాన్ని పట్టుకుంటుంది. 'పిల్లలతో పాటు టీచరు' అన్నప్పుడు చేసింది ఎవరో తేలిపోయింది.

పల్లె నుంచి వచ్చి తెలుగు మీడియంలో చదివిన పిల్లలకి ఈ పేజీయే కోచింగ్. ఫీజు కట్టి తిరుపతిలోనో హైదరాబాద్‌లోనో కూర్చోలేనివాళ్ళు. వాళ్ళకి ఇంగ్లిష్ రాదని అందరూ అంటారు. వాళ్ళకి తెలుగు బాగా వచ్చునని, దాన్ని ఆధారంగా చేసుకుని నేర్పవచ్చని ఎవరూ అనడం లేదు. మీ పేజీ తయారుచేసేవాళ్ళు ఒక్కో బిట్ కింద ఒక తెలుగు వాక్యం, ఒక కారణం వేస్తే నాలుగు బిట్స్ తగ్గినా ఫరవాలేదు. ఇలా తెలుగు వాక్యం, దాని పక్కన ఇంగ్లిష్ వాక్యం, కింద తేడా వేసి నేను టైప్ చేసి పెట్టుకున్న కాగితాలు ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. పనికొస్తే వాడుకోండి, నా పేరు వేయనక్కర్లేదు.

ఒక సవరణ మాత్రం వెంటనే వేయండి. పోయిన ఆదివారం కీలో 'ద నంబర్ ఆఫ్ పిల్‌గ్రిమ్స్ హ్యావ్ ఇంక్రీజ్డ్' అన్నది ఒప్పని పడింది. 'భక్తుల సంఖ్య పెరిగారు' అని తెలుగులో ఎవరూ అనరు, 'పెరిగింది' అంటారు. పెరిగింది సంఖ్య. కాబట్టి 'హ్యాజ్'. 'ఎ నంబర్ ఆఫ్ పిల్‌గ్రిమ్స్' అయితే చాలామంది భక్తులు, అప్పుడు 'హ్యావ్'. ఆ పేజీ కత్తిరించి పెట్టుకున్న పిల్లలు పరీక్షకి దాన్నే చదువుతున్నారు. సవరణని లోపలి పేజీలో మూలన కాకుండా, మళ్ళీ బిట్స్ వచ్చే చోటే, కారణంతో సహా వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక జాబ్ టైపిస్టు,
గిరింపేట, చిత్తూరు.